దేశం 6.5 శాతం పెరిగితే మీ 30 లక్షలు ఎక్కడుండాలి? బెజవాడ, గుంటూరు కుటుంబాలకు ఆరేళ్ళ పోలిక

2025 జనవరి ఆర్థిక సర్వే 2025-26 ఆర్థిక సంవత్సరంలో వృద్ధి 6.3 నుంచి 6.8 శాతం మధ్య ఉంటుందని అంచనా వేసింది. టీవీ చర్చలన్నీ ఆ రెండు అంకెల మధ్యే నడుస్తాయి, ఆరా ఏడా అని. లెక్క వేసి చూడండి. ఇవాళ 100 రూపాయలున్న ఆర్థిక వ్యవస్థ ఏటా 6.3 చొప్పున ఆరేళ్ళు పెరిగితే 144 అవుతుంది. 6.8 చొప్పున అయితే 148. ఇంత వాదన ఆ నాలుగు రూపాయల కోసం.

అదే ఆరేళ్ళలో ఒకే వీధిలో రెండు కుటుంబాలు చెరో 30 లక్షలతో మొదలుపెట్టి, ఒకరు 50 దగ్గర, మరొకరు 18 దగ్గర తేలడం ఇక్కడ వింత కాదు. ఇద్దరూ ఉన్నది ఒకే దేశంలో, చూసింది ఒకే వృద్ధిరేటు. తేడా వచ్చింది డబ్బు పెట్టిన చోట. కాబట్టి దేశం ఎంత పెరుగుతుందన్నది ఒక మోస్తరుగా తెలిస్తే చాలు. ఆ పెరుగుదల ఏ దారిన మీ చేతికి వస్తుంది, అసలు వస్తుందా, మీ సంపాదన ఇప్పటికే ఏ దారిని నమ్ముకుని ఉంది అన్నవే ఎంపికను తేల్చే ప్రశ్నలు.

ఆ 6.5 ఎక్కడి నుంచి వస్తోంది

మన దేశం ఏడాది ఆదాయంలో సుమారు 30 శాతాన్ని రోడ్లు, యంత్రాలు, భవనాలుగా మారుస్తోంది. ఒక రూపాయి అదనపు ఆదాయం పుట్టాలంటే నాలుగున్నర నుంచి అయిదు రూపాయల పెట్టుబడి పడుతోంది. 30ని 4.6తో భాగిస్తే 6.5. 2024-25కి 2025 మేలో వచ్చిన అంచనా కూడా 6.5 శాతమే. ఇదే లెక్కన 8 శాతం కావాలంటే పెట్టుబడి 37 శాతం దగ్గరికి చేరాలి, లేదంటే అదే పెట్టుబడితో ఇంకా ఎక్కువ పని జరగాలి. 2003-08 మధ్య పెట్టుబడి 35 శాతం దరిదాపులకు వెళ్ళింది, వృద్ధి కూడా దౌడు తీసింది. ఆ పెట్టుబడికి తెచ్చిన అప్పులే తరువాత మొండిబకాయిలయ్యాయి. 2018 మార్చి నాటికి బ్యాంకుల అప్పుల్లో 11 శాతం పైన పారు బాకీలే. ఇప్పుడవి 3 శాతం లోపుకు దిగాయి గనుక అప్పిచ్చే శక్తి బ్యాంకులకు ఉంది. కేంద్రం 2025-26 బడ్జెట్‌లో మూలధన వ్యయానికి 11.21 లక్షల కోట్లు పెట్టింది. కొరత ప్రైవేటు పెట్టుబడిలోనే.

కిందికి లాగేవీ ఉన్నాయి. ముడిచమురులో 85 శాతం పైగా దిగుమతే. 2025 ఆగస్టులో అమెరికా సుంకాన్ని 50 శాతానికి పెంచగానే మన కోస్తాలో రొయ్యల చెరువుల దాకా సెగ తగిలింది. పనిచేసేవాళ్ళలో 46 శాతం వ్యవసాయంలో ఉన్నారు, దేశ ఉత్పత్తిలో వ్యవసాయం వాటా మాత్రం 18 శాతం దగ్గరే. ఇవన్నీ కలిపి చూస్తే రాబోయే ఆరేళ్ళకు 6 నుంచి 7 అనుకుని లెక్క వేసుకోవడం సబబు. 8 వస్తే సంతోషం, 5కు పడినా కుటుంబం తట్టుకోవాలి.

ఒక సవరణ. ఈ వృద్ధి శాతాలన్నీ ధరల పెరుగుదల తీసేసినవి. మీ చేతిలో రూపాయిలు లెక్కపెట్టాలంటే ద్రవ్యోల్బణం కలపాలి. ఆర్‌బీఐ లక్ష్యం 4 శాతం. 6.5కి 4 కలిపితే 10.5, అంటే 100 రూపాయలు ఆరేళ్ళకు 182. వృద్ధి 5కి జారితే 168, 8కి ఎక్కితే 197. మీరు ఎంచుకునే ఏ దారినైనా ఈ 182 పక్కన పెట్టి కొలవండి.

రాష్ట్రం వేరు, బెజవాడ వేరు

ఆంధ్రప్రదేశ్ ఉత్పత్తిలో చేపలు, రొయ్యలు కలుపుకుని వ్యవసాయ రంగం వాటా మూడో వంతుకు పైమాటే, అంటే దేశ సగటుకు దాదాపు రెట్టింపు. అందుకే మన రాష్ట్ర వృద్ధి అంకె ధరలతో పాటు ఊగుతుంది. రెండోది, రాష్ట్రానికి వచ్చే పెట్టుబడి అంతా కృష్ణా ఒడ్డుకు రాదు. 2025 అక్టోబరులో గూగుల్ ప్రకటించిన డేటా సెంటర్ విశాఖకు, ఉక్కు ప్రతిపాదన అనకాపల్లి వైపుకు. విజయవాడ, గుంటూరుల బలం వర్తకం, రవాణా, ఆసుపత్రులు, చదువులు, ఇప్పుడు రాజధాని నిర్మాణం. "రాష్ట్రానికి లక్షల కోట్లు వస్తున్నాయండీ" అంటూ గొల్లపూడిలో స్థలం అమ్మేవాళ్ళకు ఈ ముక్క గుర్తుచేయండి.

స్థలం: అందరి చూపూ ఇటే కాబట్టి కాస్త నిదానంగా

అమరావతి శంకుస్థాపన 2015 అక్టోబరు 22న. 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. 2024 జూన్‌లో ప్రభుత్వం మారింది. ఆ డిసెంబరులో ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు చెరో దాదాపు 80 కోట్ల డాలర్ల అప్పు మంజూరు చేశాయి. 2025 మే 2న పనులు మళ్ళీ మొదలయ్యాయి. ఈ వరుసలో కొనేవాడు గమనించాల్సింది ఒకటుంది. 2019 తరువాత దేశ వృద్ధి ఎంత ఉన్నా తుళ్ళూరు, మందడం వైపు స్థలం కొన్నవాళ్ళకు బేరగాడే దొరకలేదు. రాజధాని ప్రాంతపు ప్లాటుకు దేశ వృద్ధితో ఉన్న చుట్టరికం తక్కువ. అది ముందుగా ప్రభుత్వ నిర్ణయం మీద పందెం.

ఖర్చు లెక్క చూద్దాం. ఉదాహరణకు గజం 15 వేలు చొప్పున 200 గజాలు, 30 లక్షలు. ఆంధ్రాలో స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం, అంటే 2.25 లక్షలు. మధ్యవర్తికి ఒక శాతం, 30 వేలు. చేతి నుంచి పోయేది 32.55 లక్షలు. ఈ డబ్బు 6.5 శాతం వడ్డీకి బ్యాంకులో ఉంటే ఆరేళ్ళకు 47.5 లక్షలు. అమ్మేటప్పుడు కమీషన్ ఒక శాతం పోగా అంతే మిగలాలంటే 48 లక్షలకు అమ్మాలి, గజం 24 వేలు. 15 వేల గజం 24 వేలైతే లాభపడ్డామని మీసం మెలేస్తాం. నిజానికి అది బ్యాంకు వడ్డీతో సరిసమానం, పన్నుల ముందు. దేశం లెక్కన 182ని అందుకోవాలంటే గజం దాదాపు 30 వేలు పలకాలి.

పన్నులో స్థలానికి కొంత ఊరట ఉంది. రెండేళ్ళు దాటాక అమ్మితే లాభం మీద 12.5 శాతమే. 2024 జూలై 23కు ముందు కొన్నవాళ్ళకు ఇండెక్సేషన్‌తో, అంటే కొన్న ధరకు ద్రవ్యోల్బణం కలిపి లెక్కగట్టి, 20 శాతం కట్టే వీలు కూడా ఉంది, రెండూ లెక్క వేయించి తక్కువది కట్టుకోవచ్చు.

ప్లాటులో జనం దెబ్బతినేది ధర దగ్గర కంటే కాగితాల దగ్గర ఎక్కువ. సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ) అనుమతి ఉన్న లేఅవుట్ అయితే ఎల్పీ (లేఅవుట్ పర్మిట్) నంబరు ఉంటుంది, ఆ నంబరు బ్రోచరులో కాదు, సీఆర్‌డీఏ రికార్డులో కనబడాలి. 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌కు రెరా (స్థిరాస్తి నియంత్రణ సంస్థ) నమోదు తప్పనిసరి. ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) 30 ఏళ్ళకు తీయించండి. అందులో ఉన్న ప్రతి లావాదేవీకీ లింకు డాక్యుమెంటు అడగండి. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో లేదని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చూసుకోండి. ఏదో ఒకటి తరువాత ఇస్తామంటే అడ్వాన్సు కూడా తరువాతే ఇవ్వండి. ఔటర్ రింగు రోడ్డు పేరు చెప్పి అమ్మే చోట అలైన్‌మెంట్ మారితే ప్లాటు రోడ్డుకు దూరమైనా పోతుంది, రోడ్డులోకైనా పోతుంది. ఎకరాకు 4,840 గజాలు. రోడ్లకు, ఖాళీ స్థలాలకు వదిలాక లేఅవుట్‌లో అమ్మకానికి మిగిలేది అందులో సగం పైచిలుకు. ఎకరం ధర తెలిస్తే వెంచర్ వేసినాయన మిగులు ఎంతో మీరే కట్టుకోవచ్చు, బేరానికి అది పనికొస్తుంది.

ఇంకొకటి నీళ్ళు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్ నగర్ వైపు రోజుల తరబడి మునిగింది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11.43 లక్షల క్యూసెక్కులు పోయాయి. కొనే చోట పక్కింటి గోడ మీద నీటి చార ఎంత ఎత్తున ఉందో చూసి, ఆ ఇంటివాళ్ళతో పది నిమిషాలు మాట్లాడితే మధ్యవర్తి చెప్పనివి తెలుస్తాయి.

అద్దెకు ఫ్లాటు కొనడం గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. 60 లక్షల ఫ్లాటుకు నెలకు 15 వేలు వస్తే ఏటా 3 శాతం. అందులో ఒక నెల ఖాళీ, రంగులు, మరమ్మతులు తీసేయండి. భవనం పాతబడుతుంది, దాని కింది భూమిలో మీ వాటా చిన్నది. సొంతానికి ఉండేందుకు కొనుక్కోండి.

ఎఫ్‌డీ, వడ్డీ, చీటీ

ఎఫ్‌డీ దేశ వృద్ధిని అందుకోదు. 6.5 శాతం వడ్డీకి 100 రూపాయలు ఆరేళ్ళకు 146. 30 శాతం పన్ను శ్లాబులో ఉన్నవాళ్ళకు సెస్సు కూడా పోగా మిగిలేది 4.5 శాతం, అంటే ధరల పెరుగుదలతో చెల్లుకు చెల్లు. పన్ను పడని హద్దు లోపు ఆదాయం ఉన్న పెద్దవాళ్ళకు ఈ బెడద లేదు. రేట్లు పడిపోవడం మరో ఇబ్బంది. 2025లో ఆర్‌బీఐ రెపోను (బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీ రేటును) 6.5 నుంచి 5.25కి తగ్గించింది, ఆ ఏడాది కాలపరిమితి తీరి మళ్ళీ వేసినవాళ్ళకు తక్కువ రేటే దొరికింది. మొత్తం ఒకేసారి వేయకుండా ఒకటి, రెండు, మూడు, అయిదేళ్ళకు విడగొట్టి వేస్తే ఈ దెబ్బ సగం తప్పుతుంది. సహకార బ్యాంకు అర శాతం ఎక్కువ ఇస్తోందని వెళ్ళేవాళ్ళు బీమా హద్దు గుర్తుంచుకోండి. ఒక మనిషికి ఒక బ్యాంకులో అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకే, ఎన్ని బ్రాంచీల్లో వేసినా సరే.

నూటికి రెండు రూపాయల వడ్డీకి తిప్పడం మన వైపు పాత అలవాటు. నెలకు రెండంటే ఏటా 24 శాతం. దేశం మొత్తం రూపాయిల్లో 10, 11 శాతం పెరుగుతుంటే ఏటా 24 కట్టి ఆరేళ్ళు నిలబడగల వ్యాపారం ఏది? మంచి పార్టీకి బ్యాంకే ఇస్తుంది. మీ దగ్గరికి వచ్చేది బ్యాంకు కాదన్నవాడు, లేదా సరుకు చేతికొచ్చే రెండు మూడు నెలల కోసం అడిగే వర్తకుడు. రెండోవాడికి ఇవ్వొచ్చు, మొదటివాడికి ఇస్తే వడ్డీ కొన్నాళ్ళు వస్తుంది, అసలు రాదు. ఇచ్చేటట్టయితే 20 వేలు, ఆపైన చెక్కు ద్వారానో ఖాతా ద్వారానో ఇవ్వండి, అంత మొత్తం నగదుగా అప్పు తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ఒప్పదు. ప్రామిసరీ నోటు గడువు మూడేళ్ళు. ఆలోగా కొంత కట్టించి నోటు వెనుక చెల్లు రాయించి సంతకం పెట్టించుకుంటే మళ్ళీ మూడేళ్ళు. మొహమాటపడి ఆ సంతకం అడగకపోవడం వల్లే చాలా నోట్లు మురిగిపోతాయి.

చీటీ పెట్టుబడి కాదు, అప్పు దొరికే మార్గం. కొట్టు నడిపేవాడికి, పెళ్ళి ఖర్చు ఎదురుచూస్తున్నవాళ్ళకు పాట పాడుకునే హక్కే దాని విలువ. చివరిదాకా పాడకుండా ఉండేవాళ్ళకు వచ్చేది తగ్గింపులో వాటా. అందులోంచి ముందు కంపెనీ కమీషన్ పోతుంది. 10 లక్షల చీటీకి కమీషన్ 5 శాతమైనా నెలకు 50 వేలు. 2019 సవరణతో ఆ హద్దు 7 శాతం అయింది. చీటీ మొదలయ్యే ముందు రిజిస్ట్రార్ ఇచ్చిన ప్రారంభ ధ్రువపత్రం చూపించమనండి. అది లేని చీటీ ఎంత నమ్మకస్తుడు నడిపినా ఆయన ఆరోగ్యం మీద ఆధారపడ్డదే.

ఇండెక్స్ ఫండ్: వృద్ధికి దగ్గర చుట్టం, కానీ వేళకు రాడు

నిఫ్టీ 50 ఇండెక్స్ ఫండ్ అంటే దేశంలోని 50 పెద్ద కంపెనీల లాభాల్లో వాటా. ఈ పోలికలో దేశ వృద్ధి నేరుగా చేతికి వచ్చే దారి ఇదొక్కటే. అమ్మడానికి రెండు మూడు రోజులు చాలు, బేరగాడి కోసం వెతుక్కోనక్కర్లేదు. ఏడాది దాటాక అమ్మితే 1.25 లక్షల పైన లాభానికి 12.5 శాతం పన్ను.

అయితే వృద్ధి వచ్చినంత మాత్రాన షేర్లు పెరగవు. సెన్సెక్స్ 2008 జనవరిలో 21 వేలు తాకింది. 2013 చివరి దాకా ఆ మెట్టు దాటి నిలవలేదు. ఆ ఆరేళ్ళలో దేశం పెరుగుతూనే ఉంది. చైనా ఇంకా పెద్ద పాఠం. 2007 అక్టోబరులో షాంఘై సూచీ 6,000 దాటింది. తరువాత ఆ దేశం ప్రపంచంలో రెండో ఆర్థిక శక్తి అయింది, సూచీ మాత్రం ఎన్నేళ్ళు గడిచినా ఆ ఎత్తును అందుకోలేకపోయింది. మొదట్లోనే ఎక్కువ ధర పెట్టి కొంటే వృద్ధి మొత్తం ఆ ధరను నింపడానికే సరిపోతుంది. అందుకే 30 లక్షలు ఒకేరోజు పెట్టకుండా నెలకు లక్ష, లక్షన్నర చొప్పున రెండేళ్ళు విస్తరించండి, మిగతాది ఆ లోపు ఎఫ్‌డీలో ఉంచండి. 2020 జనవరిలో 12,300 పైన ఉన్న నిఫ్టీ మార్చి 23కి 7,600కి పడింది, రెండు నెలల్లో 38 శాతం. ఆరో ఏట కూతురి పెళ్ళి ఉంటే నాలుగో ఏట నుంచే కొంచెం కొంచెంగా తీసి ఎఫ్‌డీకి మార్చుకోవాలి, ఆఖరు నెలలో కాదు.

బంగారం

దీనికి మన వృద్ధితో సంబంధం లేదు, ఉన్న సంబంధమంతా ప్రపంచంలోని భయంతోనూ రూపాయి బలహీనతతోనూ. 2012లో 10 గ్రాములు 31 వేల చిల్లర, 2018లోనూ అంతే. తరువాత 2025 ఏప్రిల్‌లో లక్ష దాటింది. 2025 చూసి కొనేవాళ్ళు 2012-18 కూడా చూడాలి. నగగా కొంటే తరుగు, మజూరీ, 3 శాతం జీఎస్టీ మొదటిరోజే పోతాయి. పెట్టుబడికైతే బిళ్ళలో, గోల్డ్ ఈటీఎఫ్‌లో (షేర్లలా కొని అమ్మే బంగారపు ఫండ్). మొత్తంలో పదో వంతు దాటనివ్వద్దని మా సలహా.

మిర్చి నిల్వ

గుంటూరులో దీన్ని వదిలి పోలిక రాస్తే నవ్వుతారు. జనవరి నుంచి మే దాకా యార్డుకు సరుకు ముంచెత్తే వేళ కొని, కోల్డ్ స్టోరేజీలో పెట్టి, వానాకాలం తరువాత అమ్మడం. కుదిరిన ఏడు వచ్చే లాభం పైవాటిలో దేనికీ రాదు. కుదరని ఏడు? 2025కు మునుపటి సీజన్‌లో మంచి రకాలు క్వింటాలు 20 వేలు దాటి పలికాయి, రైతులు మరింత విస్తీర్ణంలో వేశారు, స్టోరేజీల్లో పాత నిల్వ ఉండిపోయింది. 2025 ఫిబ్రవరికి కేంద్రం మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయల ధర ప్రకటించాల్సి వచ్చింది. 20 వేలకు కొన్న 100 క్వింటాళ్ళు, 20 లక్షలు, ఆ ధరకు 11.78 లక్షలు. పైగా టిక్కీకి (మిర్చి బస్తాకు) అద్దె, బరువు తరుగు, రంగు తగ్గడం, అప్పు తెచ్చి కొంటే వడ్డీ. దేశ వృద్ధి 5 అయినా 8 అయినా ఈ లెక్క మారదు. రోజూ యార్డులో తిరుగుతూ తేజా రకానికీ 334 రకానికీ చేత్తో పట్టి తేడా చెప్పగలవాళ్ళ పని ఇది. బావమరిది వాటా ఇస్తానన్నాడని దిగేది కాదు.

ఎవరికి ఏది

ముందు ఒక కాగితం మీద మీ సంపాదన, ఇల్లు, పొలం, పిల్లల ఉద్యోగాలు రాసి, ఒక్కోటి దేన్ని నమ్ముకుని ఉందో పక్కన రాయండి. కొత్త డబ్బు ఆ జాబితాలో లేని చోటికి వెళ్ళాలి.

భూసమీకరణలో ఎకరం మెట్ట ఇచ్చిన రైతుకు వెయ్యి గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం వాటాగా ఉంది. ఆ కుటుంబం ఇప్పటికే మొత్తం అమరావతి మీద నిలబడింది. పక్క ప్లాటు కొనడం అంటే అదే పందెం రెట్టింపు చేయడం. ధర బాగున్న ఏడు ఒక ప్లాటు అమ్మి ఇండెక్స్ ఫండ్‌లో, ఎఫ్‌డీలో పెట్టడమే వాళ్ళకు తగినది, ఊళ్ళో నలుగురూ ఏమన్నా సరే.

గుంటూరు కమీషన్ వ్యాపారికి, స్టోరేజీలో వాటా ఉన్నవారికి ఆదాయం పంట ధరతో ఊగుతుంది. ఒక సీజన్ పూర్తిగా పోయినా కొట్టు తెరిచి ఉంచేంత ఎఫ్‌డీ ముందు, మిగతాది తరువాత. ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టేవాళ్ళకు, స్పేరు పార్టుల కొట్లకు రోడ్ల పనులు, సరుకు రవాణా పెరిగితే సొంత పనే పెరుగుతుంది. వాళ్ళకు బయట వెతకడం కంటే ఒక యంత్రం, ఒక పనివాడు కలపడమే మంచి రాబడి, 24 శాతం అప్పు తేనంతవరకు. జీతం ఖాయంగా వచ్చే టీచరుకు, ప్రభుత్వ ఉద్యోగికి ఒడుదొడుకులు ఓర్చుకునే శక్తి అందరికంటే ఎక్కువ. విచిత్రంగా వీళ్ళే అంతా ఎఫ్‌డీలోనో, ఊరి బయట ప్లాటులోనో పెడతారు. సగం దాకా ఇండెక్స్ ఫండ్ పెట్టుకోదగ్గవాళ్ళు వీళ్ళే.

చివరిగా పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళు, బ్రాడీపేటలోనూ పటమటలోనూ లెక్కకు మిక్కిలి. వీళ్ళ రాబడి మన వృద్ధి మీద లేదు, అక్కడి ఉద్యోగం మీద ఉంది. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్1బీ దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించినప్పుడు ఈ ఇళ్ళలో చాలామందికి నిద్ర పట్టలేదు. 50 లక్షల విద్యా రుణం 11 శాతం వడ్డీతో పన్నెండేళ్ళకు కట్టాలంటే నెలకు దాదాపు 62,700. అక్కడ ఉద్యోగం పోతే మళ్ళీ దొరికేదాకా ఏడాదిన్నర వాయిదాలు, 11.3 లక్షలు, అమ్మానాన్నల పేర ఎఫ్‌డీలో ఉండాలి, దాని జోలికి ఎవరూ పోకూడదు. అది తీసి పక్కన పెట్టాక మిగిలే 18.7 లక్షల గురించే పైన చెప్పిన పోలికంతా.